కంప్యూటర్‌లో స్వరలిపి – నాలుగో పాఠం: అక్షరం పోయి డబ్బా మిగిలితే

కిందటి పాఠంలో స్వరాల కింద సాహిత్యం టైపు చేయడం నేర్చుకున్నాం. ఇంట్లో చక్కగా కనిపించిన ఆ పేజీ మరో కంప్యూటర్‌లో చెడిపోయి కనిపిస్తే ఏం చేయాలో ఈసారి చూద్దాం.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో నాకు ఇది ఎదురైంది. పిల్లలకు నేర్పడానికి ఒక బతుకమ్మ పాటను స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో రాసి ప్రింటుకు తీసుకెళ్లాను. స్వరాలన్నీ ఉన్నాయి. ‘ఉయ్యాలో’ ఉండవలసిన ప్రతిచోటా ఖాళీ డబ్బాలే! రెండు వారాల శ్రమ పోయిందనుకుని ప్రాణం ఉసూరుమంది. నిజానికి ఏమీ పోలేదు. ఆ ఫైలులో అక్షరాల సంకేతాలు ఉంటాయి, ఫాంటు ఉండదు. స్వర చిహ్నాల ఫాంటు సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది కనుక అవి నిలిచాయి. తెలుగు ఫాంటు మాత్రం ఆ కంప్యూటర్‌లో లేదు.

అందుకే ఫాంట్ల వేటకు దిగే ముందు, అక్షరం పోయినచోట ఏం వచ్చిందో చూడండి.

డబ్బా వస్తే సంకేతం భద్రంగా ఉన్నట్టే. నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రామాణిక పద్ధతి) ఫాంటును ఇన్‌స్టాల్ చేసి, మ్యూజ్‌స్కోర్‌ను మూసి మళ్లీ తెరవండి. తర్వాత ఫార్మాట్, స్టైల్, టెక్స్ట్ స్టైల్స్‌లోకి వెళ్లి లిరిక్స్‌కు ఆ ఫాంటునే ఇవ్వండి. అక్కడ బేసి వరుసలకు, సరి వరుసలకు వేర్వేరు స్టైళ్లు ఉంటాయి. ఒకటే మారిస్తే మొదటి చరణం ఒక తీరుగా, రెండోది మరో తీరుగా కనిపిస్తుంది.

ప్రశ్న గుర్తులు వస్తే అక్షరాలు నిజంగానే పోయాయి, మళ్లీ టైపు చేయక తప్పదు. అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వస్తే ఆ సాహిత్యం అను వంటి పాత ఫాంటులో టైపు చేసినదై ఉంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, కొత్త ఫాంటు వేస్తే బాగుపడదు.

ఇక చుక్కల వలయం. నా దగ్గరికి వచ్చే విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. ‘లో’ను మూడు స్వరాల మీద సాగదీయాలని, పక్క స్వరం కింద ఒట్టి ఓత్వం గుర్తు టైపు చేస్తారు. గుణింతపు గుర్తుకు ఆనుకోవడానికి హల్లు కావాలి. అది లేకపోవడంతో కంప్యూటర్ దాని పక్కన చుక్కల వలయం గీస్తుంది. తప్పు ఫాంటుది కాదు. ‘లో’ టైపు చేశాక అండర్‌స్కోర్ నొక్కుతూ ముందుకు సాగండి, అక్షరం పక్కన సాగు గీత వస్తుంది. పదం మధ్యలో అయితే హైఫన్ వాడండి: ఉ-య్యా-లో.

సరిగమల మీద తారస్థాయి చుక్క, కింద మంద్రస్థాయి చుక్క పెట్టేవారికి మరో జాగ్రత్త. యూనికోడ్‌లో అవి 0307, 0323 సంఖ్యల గుర్తులు. చాలా తెలుగు ఫాంట్లలో ఇవి ఉండవు. అప్పుడు చుక్క మరో ఫాంటు నుంచి వచ్చి స్వరానికి పక్కగా పడుతుంది. పేజీ మొత్తం టైపు చేయకముందే ఒక్క ‘స’ మీద పెట్టి చూసుకోండి.

ప్రింటుకు మాత్రం ఎప్పుడూ పీడీఎఫ్ తీసుకెళ్లండి. అందులో ఫాంటు కూడా కలిసే వెళ్తుంది.

అభ్యాసం: ‘ఉయ్యాలో’ను అయిదు స్వరాల కింద రాసి, ‘లో’ను చివరి మూడింటి మీద సాగదీయండి. ఎక్కడా వలయం రాకూడదు.