కొత్తగా రంగు వేయించిన కారుకు వ్యాక్స్ ఎప్పుడు, ఎలా పట్టించాలి?

షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ పూర్తయి కారు చేతికి వచ్చే రోజున రంగు అద్దంలా మెరుస్తుంది, ముట్టుకుంటే వేలికి అంటదు. కానీ అప్పటికి గట్టిపడింది పైపొర మాత్రమే. రంగులో కలిపిన థిన్నర్ లోపలి పొరల నుంచి ఆవిరై బయటికి రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఆ ఆవిరి పోయే దారిని వ్యాక్స్‌తో మూసేస్తే రంగు గట్టిపడడం ఆలస్యమవుతుంది, మెరుపు మసకబారే ప్రమాదమూ ఉంటుంది. అందువల్ల కనీసం 30 రోజులు ఆగాలి. వానాకాలంలో వేయించినా, రంగు దళసరిగా పడినా 60 నుంచి 90 రోజులు ఆగడం మేలు. వాడిన పెయింట్‌ను బట్టి ఈ గడువు మారుతుంది కనుక పెయింటర్‌ను అడిగి తెలుసుకోవాలి.

షోరూమ్ నుంచి తెచ్చిన కొత్త కారుకు ఈ నిరీక్షణ అక్కర్లేదు. ఫ్యాక్టరీలో టైర్లు, సీట్లు, వైరింగ్ బిగించకముందే ఉక్కు బాడీని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు కాబట్టి రంగు అక్కడే గట్టిపడుతుంది. బిగింపులన్నీ ఉన్న కారును షెడ్డు బూత్‌లో, అంటే రంగు వేసి ఆరబెట్టే మూసిన గదిలో, అంత వేడి చేయలేరు. సాధారణంగా 60 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. బూత్ లేని చోట రంగు మామూలు గాలికే ఆరాలి.

ఆగే ఈ రోజుల్లో రంగును ఎక్కువగా పాడుచేసేది, నా దృష్టిలో, రోజూ పొద్దున్నే జరిగే గుడ్డ తుడుపు. అపార్ట్‌మెంట్లలో ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే పాతగుడ్డతో పది కార్లు తుడవడం మామూలే. ఆ గుడ్డలో చిక్కుకున్న ఇసుక రేణువులు మెత్తని రంగుపై సన్నని గీతలు పెడతాయి. కనుక కారు తుడిచే వారికి ఆ నెల రోజులూ దానిని ముట్టుకోవద్దని ముందే మర్యాదగా చెప్పి ఉంచాలి. మొదటి వారం గడిచాక నీడలో, ముందు ధారగా నీళ్లు పోసి దుమ్ము వదిలించి, ఆ తర్వాతే కార్ షాంపూతో మెత్తగా కడగాలి. గిన్నెలు తోమే సబ్బు వాడకూడదు. బోరు నీళ్లు ఆరిపోతే తెల్లని ఉప్పు మచ్చలు మిగులుతాయి కాబట్టి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తడి తీసేయాలి. పక్షి రెట్టలోని ఆమ్లం ఎండలో రంగును తినేస్తుంది. దానిని గీకకుండా, తడిగుడ్డ కాసేపు వేసి నానబెట్టి తీయాలి. కవర్ కప్పకూడదు, స్టిక్కర్లు అంటించకూడదు. వాహన పూజ చేయించేటప్పుడు పసుపు కుంకుమలను బానెట్‌పై కాకుండా నంబర్ ప్లేటుపైనో అద్దంపైనో పెట్టించండి. కుంకుమలోని రంగు తాజా పెయింట్‌లోకి ఇంకితే మచ్చ పోవడం కష్టం.

గడువు తీరాక వ్యాక్స్ కొనేటప్పుడు డబ్బాపై రాసింది చదవాలి. రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్ అని ఉన్నవి రంగు పైనున్న పారదర్శక పొరను (క్లియర్ కోట్) కొద్దికొద్దిగా అరగదీస్తాయి. ఆ పొర మందం సుమారు 50 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. అవి కలవని వ్యాక్స్ దేనినీ అరగదీయదు, పైన పొరగా నిలుస్తుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం ఇందుకు పేరుపడింది.

కారును కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అరచేయి ఆనిస్తే చల్లగా తగిలేలా నీడలో నిలపండి. స్పాంజిపై కొద్దిగా తీసుకుని ఒకసారికి ఒక డోరుకో, సగం బానెట్‌కో పలుచగా పట్టించండి. నల్లటి ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, అక్కడ పడిన తెల్లని చార సులభంగా వదలదు. మసకపొర ఏర్పడ్డాక వేలితో గీసి చూడండి. గీత శుభ్రంగా వస్తే తుడవవచ్చు, జిగటగా సాగితే మరికాసేపు ఆగాలి. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో, మడత మారుస్తూ తుడవండి. ఒక దళసరి పొర కంటే మర్నాడు వేసే రెండో పలుచని పొర మేలు.

మన ఎండలకు కార్నౌబా పొర రెండు మూడు నెలలకు మించి నిలవడం అరుదు. బానెట్‌పై నీళ్లు ముత్యాల్లా నిలవకుండా పరచుకుపోతున్నాయంటే మళ్లీ పట్టించే సమయం వచ్చిందని గుర్తు.