మైనస్ రెండు అంటే అరమీటరు: సైట్ లెక్కను స్కేలుతో చూడటం

కళ్లజోడు చీటీ మీద −2.00 అని ఉంటే చాలామంది దాన్ని పరీక్షలో పోయిన మార్కుల్లా చదువుతారు. రెండంటే కొంచెం పోయింది, ఆరంటే చాలా పోయింది అని. నిజానికి అదొక దూరం. జోడు తీసేస్తే ఆ కంటికి 50 సెంటీమీటర్ల దాకా స్పష్టంగా కనిపిస్తుంది, ఆ పైన మసక. వందను పవర్‌తో భాగిస్తే ఆ దూరం సెంటీమీటర్లలో వచ్చేస్తుంది: మైనస్ 1కి మీటరు, 4కి 25 సెం.మీ. ఈ లెక్క ఎక్కణ్నుంచి వచ్చిందో కళ్లారా చూడాలంటే ఒక భూతద్దం, తెల్లకాగితం, స్కేలు, ఇంట్లో ఎవరిదైనా మైనస్ కళ్లజోడు ఉంటే చాలు.

కాగితం మీద ఎదురింటి ట్యాంకు

పగటిపూట గదిలో లైట్లు ఆర్పేయండి. కిటికీకి ఎదురుగోడ మీద కాగితం అంటించి, దాని ముందు భూతద్దం పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట ఎదురింటి మేడ మీది వాటర్ ట్యాంకు తలకిందులుగా, రంగులతో సహా కాగితం మీద పడుతుంది. అద్దానికీ కాగితానికీ మధ్య దూరం కొలవండి. అది 10 సెం.మీ. అనుకుందాం. 100ని 10తో భాగిస్తే 10 డయాప్టర్లు, అదే మీ భూతద్దం పవర్. ఎండలో సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి, కాగితం అంటుకుంటుంది.

ఇప్పుడు భూతద్దాన్ని కాగితం నుంచి 12.5 సెం.మీ. దాకా జరపండి. ట్యాంకు అంచులు కరిగి ముద్దయిపోతాయి. వెలుగు కాగితం చేరకముందే ఒకచోట కలిసి, అక్కణ్నుంచి మళ్లీ విచ్చుకుంటోంది. హ్రస్వదృష్టి (మైనస్ పవర్ కన్ను) అంటే ఇదే. అలాగే కదలకుండా ఉంచి, భూతద్దం ముందు మైనస్ 2 కళ్లద్దాన్ని ఆనించండి. ట్యాంకు మళ్లీ తేరుకుంటుంది. పదిలోంచి రెండు తీస్తే 8, వందను ఎనిమిదితో భాగిస్తే 12.5. జోడు మైనస్ 1 అయితే దూరం 11.1 సెం.మీ., మైనస్ 3 అయితే 14.3. మీ భూతద్దం పవర్ వేరైనా ఇదే పద్ధతి.

ఇది కుదరకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. భూతద్దం కళ్లద్దం కంటే పెద్దదైతే అంచుల్లోంచి వచ్చే వెలుగు అద్దం దాటకుండా వచ్చేసి, రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నల్లకాగితానికి 2 సెం.మీ. రంధ్రం చేసి భూతద్దానికి అంటిస్తే సరిపోతుంది. రెండోది, జోడులో సిలిండర్ పవర్ (ఒక దిశలో మాత్రమే పనిచేసే పవర్) ఉండటం. అప్పుడు కిటికీ నిలువు ఊచలు స్పష్టమైన చోట అడ్డ ఊచలు మసకగా ఉంటాయి. మూడోది, అది అసలు మైనస్ జోడే కాకపోవడం. తాతయ్య చత్వారం జోడు తెచ్చారేమో చూసుకోండి. చేయి చాచి అద్దంలోంచి తలుపు అంచును చూస్తూ జోడును పక్కకు కదపండి. అంచు జోడు వెంటే వస్తే మైనస్, ఎదురు దిశలో జరిగితే ప్లస్.

మిల్లీమీటరు ఖరీదు

కన్ను కూడా ఇదే అమరిక, కాగితం చోట కంటి లోపల వెనక పొర, అంటే రెటీనా ఉంటుంది. కాకపోతే చాలా చిన్నది. మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు. పెద్దవాళ్లలో ముందు నుంచి వెనకకు పొడవు దాదాపు 24 మి.మీ. నమూనాలో 2.5 సెం.మీ. జరిపితే రెండు డయాప్టర్ల తేడా వచ్చింది. కంట్లో గుడ్డు ఒక్క మిల్లీమీటరు పొడుగైతే చాలు, సుమారు రెండున్నర వస్తుంది. బడి వయసులో వచ్చే మైనస్‌లో ఎక్కువ భాగం ఇలాంటి పొడుగుదనమే. నరాల బలహీనత కాదు, క్యారెట్లు తినకపోవడం కాదు. విటమిన్-ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది, కానీ అది తిన్నంత మాత్రాన పొడుగైన గుడ్డు పొట్టిది కాదు.

60 డయాప్టర్లలో 43 దాకా కంటి ముందున్న పారదర్శకమైన పొరది, అంటే కార్నియాది. లోపలి కటకం వాటా మిగతాదే. బావిలో మునిగి కళ్లు తెరిస్తే అంతా మసకగా ఉండేది అందుకే: నీరు తగలగానే కార్నియా వంపు దాదాపు పనిచేయడం మానేస్తుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ ఈ కిటుకునే వాడుకున్నాడు. తన కన్నును నీటికి ఆనించి, పోయిన పవర్‌ను మరో కటకంతో భర్తీ చేసి చూస్తే, దగ్గరి వస్తువుల మీద చూపు సర్దుకోవడం ఆగలేదు. అంటే ఆ పని కార్నియాది కాదు, లోపలి కటకానిదే. దీని మీద అతను రాసిన వ్యాసం 1801లో అచ్చయింది.

ఆ సర్దుబాటు మీరూ గమనించవచ్చు. ఒక కన్ను మూసి, ముఖానికి 20 సెం.మీ. దూరంలో వేలు పెట్టి, వేలును చూడండి, కిటికీ ఊచలు మసకబారతాయి. ఊచలను చూడండి, వేలు మసకబారుతుంది. దగ్గరికి చూసేటప్పుడు కటకం చుట్టూ ఉండే సిలియరీ కండరం బిగుసుకుంటుంది. దాంతో కటకాన్ని లాగిపట్టిన సన్నటి తంతువులు వదులై, కటకం తన సాగే గుణం కొద్దీ ఉబ్బుతుంది. కండరం కటకాన్ని లాగి చదును చేస్తుందని చాలామంది తిరగేసి చెబుతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ ఏర్పాటు పవర్‌ను కలపగలదు కానీ తీసేయలేదు. ప్లస్ లోపమున్న పిల్లవాడు తెలియకుండానే కటకాన్ని ఉబ్బించి లోపాన్ని కప్పేసుకుంటాడు. మైనస్ పిల్లవాడికి ఆ దారి లేదు. అందుకే ముందు బెంచీ అడుగుతాడు, టీవీకి దగ్గరగా జరుగుతాడు, కళ్లు చికిలిస్తాడు. చికిలిస్తే కొంత కనిపించే మాట నిజమే. సన్నటి సందులోంచి వచ్చే వెలుగు తక్కువగా చెదురుతుంది.

మీ దూరం మీరు కొలవడం

జోడు తీసి, ఒక కన్ను అరచేత్తో మూయండి. నొక్కకూడదు. పేపర్లో చిన్న అక్షరాల ప్రకటన ఒకటి తీసుకుని, దగ్గర నుంచి మెల్లగా దూరం జరపండి. అక్షరాల అంచులు వ్యాపించడం మొదలైన చోట ఆపి, కంటి నుంచి కాగితానికి టేపుతో కొలిపించుకోండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. 33 సెం.మీ. వస్తే మైనస్ 3.

చికిలించి చూస్తే దూరం ఎక్కువ వస్తుంది. పెద్ద అక్షరాలు తీసుకున్నా అంతే, మసకగా ఉన్నా చదవగలం కాబట్టి. మీటరు దాటితే చిన్న అక్షరాలు ఎవరికీ సరిగా ఆనవు కనుక మైనస్ 1 కంటే తక్కువ పవర్ ఇలా తేలదు. మైనస్ 6 దగ్గర ఒక్క సెంటీమీటరు పొరపాటు 0.4 డయాప్టర్‌ను తారుమారు చేస్తుంది. ఇది అర్థం చేసుకోవడానికే, దీన్ని పట్టుకుని జోడు చేయించకండి.

మైనస్ 2.50 ఉన్నవాళ్లు నలభై అయిదేళ్లకు జోడు తీసేసి పేపరు చదువుతూ, నాకు చత్వారం రాలేదంటారు. వచ్చింది. వాళ్ల దూరం సరిగ్గా 40 సెం.మీ., పేపరు పట్టుకునే దూరం.

దూరపు మసకకు కారణం పవరేనా అని తేల్చడానికి గుండుసూదితో అట్టముక్కకు 1 మి.మీ. రంధ్రం చేసి అందులోంచి చూడండి. చూపు బాగుపడితే చాలావరకు అద్దాలతో సరిపోయే లోపమే. బాగుపడకపోతే కంటి డాక్టరు లోపలంతా చూడాలి.

చీటీలో తికమకలు

రెండు చోట్ల పరీక్ష చేయిస్తే ఒకరు −2.00 / −1.00 × 180 అని, ఇంకొకరు −3.00 / +1.00 × 90 అని రాయవచ్చు. రెండూ ఒకటే జోడు. సిలిండర్‌ను మొదటి అంకెకు కలిపి, దాని గుర్తు మార్చి, కోణాన్ని 90 జరిపితే ఒకదాన్నుంచి ఇంకొకటి వస్తుంది.

ముక్కు మీద నుంచి జోడు జారితే మైనస్ బలం తగ్గుతుంది. కంటికి 12 మి.మీ. దూరంలో ఉండాల్సిన మైనస్ 6 జోడు 20 మి.మీ.కి జారితే పావు డయాప్టర్ పోయినట్టే. పిల్లలు జోడును వేలితో కంటికి నొక్కి బోర్డు చదువుతుంటే ముందు ఫ్రేము బిగించండి, తర్వాత పవర్ పరీక్ష చేయించండి. ఇదే కారణంగా మైనస్ 6 జోడుకు సరిపడే కాంటాక్ట్ లెన్సు సుమారు 5.60 దగ్గరే ఉంటుంది. జోడు అంకె యథాతథంగా చెప్పి లెన్సులు కొంటే కన్ను లాగుతుంది.

పిల్లల విషయం

పిల్లల సర్దుబాటు కండరం చాలా చురుకు. పరీక్షలో అది బిగుసుకుపోతే లేని మైనస్ కనిపిస్తుంది, ఉన్నది ఎక్కువ కనిపిస్తుంది. అందుకే చుక్కలు వేసి కండరాన్ని వదులు చేశాకే పవర్ చూస్తారు. తర్వాత కొన్ని గంటలు, ఆట్రోపిన్ చుక్కలైతే కొన్ని రోజులు, దగ్గరిది మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుకుంటుంది. పరీక్షల వారంలో పెట్టుకోకండి.

పవర్ పెరగకూడదని కావాలని తక్కువ పవర్ అద్దాలు వాడించడం పాత అలవాటు, దానివల్ల లాభం తేలలేదు. రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఉండటం మైనస్ రాకుండా కొంతవరకు కాపాడుతుంది. తైవాన్ 2010 నుంచి బడుల్లో ఈ 120 నిమిషాల పద్ధతి పెట్టింది. పెరుగుదలను నెమ్మదింపజేసే తక్కువ మోతాదు ఆట్రోపిన్ ఉంది, కానీ అది డాక్టరు రాసి, కొలతలు చూసుకుంటూ వాడాల్సింది.

మైనస్ 6 దాటిన కళ్లలో గుడ్డు సాగిన కొద్దీ లోపలి రెటీనా పల్చబడుతుంది. అద్దాలు వేసినా, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా ఆ పొడవు తగ్గదు కాబట్టి ఏడాదికోసారి కనుపాప పెద్దది చేయించి రెటీనా చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు గుంపుగా తేలినా, చూపుకు ఒక పక్క నుంచి తెర పడుతున్నట్టున్నా పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు, ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.