జూన్ 1 లోపు పడవ చేతులు మారాలి: ఫ్లోరిడాలో పాత సెయిల్‌బోట్ అమ్మేవాళ్లకి జాగ్రత్తలు

ఫ్లోరిడాలో తుపానుల కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా ఉంటుంది. పాత క్రూజింగ్ సెయిల్‌బోట్ అమ్మాలనుకునేవాళ్లు ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. కొనేవాళ్లు దొరికాక కూడా సర్వే (నిపుణుడు చేసే పడవ తనిఖీ), మళ్లీ బేరం, ఇన్సూరెన్స్, కాగితాలు అంటూ వారాలు గడుస్తాయి. పేరున్న తుపాను ఒకటి ఇటు తిరిగిందంటే ఇన్సూరెన్స్ కంపెనీలు కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేస్తాయి. పాలసీ లేని పడవని చాలా మరీనాలు, అంటే పడవలు కట్టి ఉంచే రేవులు, లోపలికి రానివ్వవు. అమ్మకం అక్కడే నిలిచిపోతుంది, తుపానులో ఆ పడవ మీ పేరు మీదే ఉంటుంది. అందుకని ప్రకటన ఫిబ్రవరిలోనే పెట్టండి. డబ్బు, కాగితాలు చేతులు మారేదాకా మీ పాలసీని రద్దు చేయకండి. ఈలోగా పడవ దెబ్బతింటే నష్టం ఎవరిదో ఒప్పందంలోనే రాయించండి.

ముందు కాగితాలు చూసుకోండి. పడవకి స్టేట్ టైటిల్ (రాష్ట్రం ఇచ్చే యాజమాన్య పత్రం) ఉండొచ్చు, లేదా కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ (కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉండొచ్చు. రెండోది అమెరికా పౌరులకే ఇస్తారు కాబట్టి గ్రీన్ కార్డు, హెచ్-1బి మీద ఉన్న మనవాళ్ల పేరు మీదున్న పడవకి స్టేట్ టైటిలే ఉండాలి. డాక్యుమెంటేషన్ ఉన్న పడవైతే, నేషనల్ వెస్సెల్ డాక్యుమెంటేషన్ సెంటర్ నుంచి అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్, అంటే పడవ యజమానులు, అప్పుల చరిత్ర, ముందే తెప్పించుకోండి. ఎప్పుడో తీరిపోయిన అప్పు కూడా, తీరినట్టు బ్యాంకు పత్రం అక్కడ నమోదు కాకపోతే, ఇంకా బాకీ ఉన్నట్టే కనిపిస్తుంది. ఇలాంటి పడవ బిల్ ఆఫ్ సేల్ సీజీ-1340 ఫారం మీద రాసి, నోటరీ ముందు సంతకం పెట్టాలి. పడవ వెనక పలక మీద కుడివైపు పైన చెక్కిన 12 అక్షరాల హల్ నంబరుని (పడవ గుర్తింపు నంబరు) కాగితాల్లోని నంబరుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. సున్నాకీ 'ఓ'కీ తేడా వచ్చినా పని ఆగుతుంది.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ధర తగ్గడం కాదు, అమ్మేశాక కూడా పడవ మీ పేరున మిగిలిపోవడం. చవగ్గా కొన్నవాళ్లు టైటిల్ మార్పించుకోకుండా ఎక్కడో లంగరు వేసి వదిలేస్తే, అది మునిగినా ఒడ్డుకి కొట్టుకొచ్చినా అధికారులు వెతికేది రికార్డులో ఉన్న యజమానినే. తొలగించే ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. కొనేవారి పేరు రాయకుండా ఖాళీ టైటిల్ మీద సంతకం పెట్టి ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కొనేవారి గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి. స్టేట్ టైటిల్ పడవైతే నోటీస్ ఆఫ్ సేల్, అంటే హెచ్‌ఎస్‌ఎంవీ 82050 ఫారం, అమ్మిన రోజే టాక్స్ కలెక్టర్ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేసిన కాపీ దాచుకోండి. వీలైతే ఇద్దరూ కలిసి అదే కౌంటర్ దగ్గర టైటిల్ మార్పిడి పూర్తి చేయండి.

ఇక పడవ సంగతి. 1980ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవల్లో బేరం ఎక్కువగా చెడేది చైన్‌ప్లేట్ల దగ్గరే. మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టి ఉంచే ఉక్కు తీగలు పడవకి తగులుకునే పట్టీలివి. పైన మెరుస్తాయి, కింద మెరుస్తాయి. డెక్ మందంలోంచి దూరే ఆ అరంగుళం మేర మాత్రం గాలి ఆడదు, తడి ఆరదు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే ఆక్సిజన్ తగలాలి. అది అందని చోట సన్నని గుంటలు పడి, ఆపైన పగుళ్లు వస్తాయి. అదే సందులోంచి దిగిన నీరు డెక్ లోపలి బాల్సా చెక్కనీ, కింది ప్లైవుడ్ గోడనీ కుళ్లబెడుతుంది. లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. ప్లాస్టిక్ సుత్తితో డెక్ మీద తట్టండి: గట్టి చోట టక్కుమంటుంది, నాని విడిపోయిన చోట మొద్దుగా మోగుతుంది. ఒక చైన్‌ప్లేట్‌ని విప్పించి, శుభ్రం చేసి, ఫొటోలు తీసి పెట్టుకుంటే కొనేవాళ్ల అనుమానం సగం తీరుతుంది. ఒకదాని తీగ విప్పేముందు మాస్ట్‌కి ఆ వైపు హాల్యార్డ్ (తెరచాప ఎత్తే) తాడు బిగించి కట్టాలి.

తడిసిన డెక్ మీద రంగు వేసి మూసేయకండి. సర్వేయర్ దగ్గర తేమ మీటర్ ఉంటుంది. పైగా తెలిసి దాచిన లోపాన్ని 'ఉన్నది ఉన్నట్టు' అన్న షరతు కాపాడదు. తెలిసిన లోపాలన్నీ కాగితం మీద పెట్టి కొనేవారి సంతకం తీసుకోండి. 2022 సెప్టెంబర్ 28న నైరుతి ఫ్లోరిడా తీరాన్ని ఇయాన్ తుపాను కొట్టినప్పటి నుంచి, ఆ తీరపు పడవలకి పాత ఇన్సూరెన్స్ క్లెయిములు అడగడం మామూలైపోయింది. దెబ్బతిని బాగు చేయించిన పడవైతే బిల్లులు చూపించండి. ఉక్కు తీగలు ఎప్పుడు మార్చారో తెలిపే రసీదు కూడా వెతకండి, 10, 15 ఏళ్లు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోవు.

సీకాక్‌లు, అంటే నీటి మట్టం కింద ఉన్న కవాటాలు, బిగుసుకుపోయి ఉంటే పడవ నీళ్లలో ఉండగా పిడిని బలంగా తిప్పకండి. పాత లోహం విరిగితే సముద్రం లోపలికి వచ్చేస్తుంది. ఆ పని పడవని పైకి ఎత్తించాకే చేయాలి. ప్రతి సీకాక్ పక్కనా ఒక చెక్క బిరడా కట్టి ఉంచండి. ఎత్తేటప్పుడు ట్రావెల్‌లిఫ్ట్ (పడవని ఎత్తే క్రేన్) పట్టీలు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా, స్పీడు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ మీదా పడకూడదు. వాటి చోటు ముందే టేపు అంటించి చూపించండి. ముందు పట్టీనీ వెనక పట్టీనీ తాడుతో కలిపి కడితే జారవు.

వంటగ్యాసు పరీక్షకి సిలిండర్ తెరిచి, గేజి చూసి, మళ్లీ మూయండి. 3 నిమిషాలైనా ముల్లు కదలకూడదు.

ట్రయల్ రోజున, అంటే పడవని నీళ్లలో నడిపి చూసే రోజున, కొనేవాళ్లు రాకముందే ఇంజిన్ వేడి చేసి ఉంచితే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదేమోనన్న అనుమానం వస్తుంది. చల్లగానే ఉంచండి. పూర్తి వేగంలో ఇంజిన్ దాని గరిష్ఠ చుట్లు అందుకోకపోతే తప్పు చాలాసార్లు ఇంజిన్‌ది కాదు, ప్రొపెల్లర్‌కి పట్టిన బార్నకిల్స్‌ది, అంటే గట్టిగా అతుక్కుని పెరిగే పెంకు జీవులది. వారం ముందే డైవర్‌తో గీకించండి. ఇంజిన్‌ని చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కూడా మార్చండి. బయానా చేతికి రాకుండా, ఒప్పందం రాయకుండా ట్రయల్‌కి తీసుకెళ్లకండి. ట్రయల్‌కి పాలసీ వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్ వాళ్లని రాతపూర్వకంగా అడగండి. సముద్రంలో చుక్కాని వాళ్లకి ఇవ్వొచ్చు గానీ, రేవు దగ్గర కట్టేటప్పుడు మీ చేతిలోనే ఉండాలి.

డబ్బు విషయంలో కాషియర్స్ చెక్‌ని చూసి మోసపోకండి. బ్యాంకు ఖాతాలో మర్నాడే జమ చూపించినా, అది దొంగ చెక్కని వారాల తర్వాత తేలొచ్చు, అప్పుడు సొమ్ము వెనక్కి లాగేస్తారు. ధర కన్నా ఎక్కువ పంపి, మిగతాది రవాణావాళ్లకి పంపమంటే అది మోసమే. బ్యాంకు వైర్ ట్రాన్స్‌ఫర్ ద్వారా తీసుకుని, సొమ్ము చేరిందని మీ బ్యాంకుకి మీరే ఫోన్ చేసి రూఢి చేసుకోండి.

తాళాలు ఇచ్చాక అదే రోజు చేయాల్సినవి: ఈపర్బ్ అత్యవసర బీకన్‌ని ఎన్‌ఓఏఏ (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) రిజిస్ట్రేషన్‌లో మీ పేరు నుంచి మార్పించడం, రేడియో గుర్తింపు నంబరైన ఎంఎంఎస్‌ఐని రద్దు చేయించడం. లేకపోతే వాళ్లు ఆపదలో ఉన్నప్పుడు సహాయక దళం మీ ఇంటికి ఫోన్ చేస్తుంది. చివరగా మరీనాకి నెలనెలా కట్ అయ్యే ఆటోపే ఆపి, ఆ తర్వాతే పాలసీ రద్దు చేయండి.