నెట్ కంపెనీ లేకుండా ఊరికి సొంత నెట్‌వర్క్: పెట్టె విప్పకముందే మేడెక్కండి

"ఇంటర్నెట్ లేకుండా నెట్‌వర్క్ ఏమిటండీ?" అని అడగని మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. ఇంటర్నెట్ అంటే నెట్‌వర్కులన్నీ కలిసిన పెద్ద నెట్‌వర్క్, అంతే. మీ బడిలో కంప్యూటరు, రెండు కిలోమీటర్ల అవతల గ్రంథాలయంలో కంప్యూటరు మాట్లాడుకోవడానికి ఎవరికీ నెలనెలా బిల్లు కట్టనక్కర్లేదు. మధ్యలో ఉన్నది గాలి, దానికి అద్దె లేదు. పాఠాల వీడియోలు, వికీపీడియా, ఊరి ఫొటోలు, ఇంటింటికీ ఫోన్ మాటలు, అన్నీ నడుస్తాయి. యూట్యూబ్ రాదు, యూపీఐ రాదు. అవే కావాలనుకునేవాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. స్పెయిన్‌లోని కాటలోనియాలో గీఫీ నెట్ అనే జనం సొంత నెట్‌వర్క్ 2004లో పల్లెల్లోనే మొదలైంది. మన దగ్గర కాన్పూర్ ఐఐటీ వాళ్లు వైఫైని పదుల కిలోమీటర్ల దూరానికి లాగి చూపించారు. ఆ తరవాత పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ వాళ్ల 'అశ్విని' ప్రాజెక్టు ఊళ్లను అలాగే వైఫై టవర్లతో కలిపింది. అప్పటి సామానుతో పోలిస్తే ఇప్పుడు మనకు దొరికేది బంగారం. అయినా నన్ను పిలిచి చూపించే లింకుల్లో సగం మూలుగుతూ నడుస్తుంటాయి. తప్పు సామానుది కాదు, మేడ మీద నిలబడి చేయాల్సిన గంట పనిని పది నిమిషాల్లో ముగించడానిది.

చట్టం మాట ముందే చెప్పేస్తాను. మన దేశంలో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 2005 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగానికి 2018 అక్టోబరు నుంచి అక్కర్లేదు. పవర్‌కు మాత్రం హద్దుంది. రేడియో (వైఫై అలలు పంపి, అందుకునే పెట్టె) సెట్టింగుల్లో దేశం 'ఇండియా' అని పెడితే ఆ హద్దును అదే చూసుకుంటుంది. ఎక్కువ పవర్ వస్తుందని వేరే దేశం పేరు పెట్టే తెలివిమంతులు ఉన్నారు, అది మాత్రం చేయకండి. ఇంకొకటి: ఎక్కడో తీసుకున్న ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఈ నెట్‌వర్క్ మీద ఊరందరికీ అమ్మితే దానికి సాధారణంగా లైసెన్స్ కావాలి. మనం కడుతున్నది అది కాదు.

సామాను

రెండు చోట్లను కలపడానికి 5 గిగాహెర్ట్జ్ బయటి రేడియోలు, డిష్‌తో సహా, ఒక జత. యూబిక్విటీ, మైక్రోటిక్, టీపీ-లింక్, ఏ కంపెనీదైనా ఫరవాలేదు, కానీ జత ఒకే మోడల్ కావాలి. రెండు కిలోమీటర్లకు 23 డీబీఐ తరగతి డిష్ చాలు (డీబీఐ అంటే డిష్ సిగ్నల్‌ను ఒకవైపుకు ఎంత పోగుచేస్తుందో చెప్పే అంకె). రెండంగుళాల జీఐ పైపులు, క్లాంపులు, బయట వాడే నల్ల తొడుగు క్యాట్-6 నెట్‌వర్క్ కేబుల్. కేబుల్ అసలైన రాగిదే కొనండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ సగం ధరకు ఇస్తామంటారు, అది పైన రేడియోకు కరెంటు సరిగా అందించలేక ఏడిపిస్తుంది. ఒక్కో కేబుల్ నూరు మీటర్లు దాటకూడదు. చెరొక నెట్‌వర్క్ స్విచ్చు, ఇంట్లోకి చెరొక మామూలు వైఫై రూటర్, సర్వరుగా ఒక పాత డెస్క్‌టాప్.

రేడియోకు కేబుల్లోంచే కరెంటు ఎక్కించే పీఓఈ అడాప్టరు డబ్బాలోనే వస్తుంది. దాన్నే వాడండి. 24 వోల్టుల రేడియోకు 48 వోల్టుల అడాప్టరు తగిలించి కాల్చినవాళ్లను ముగ్గుర్ని చూశాను. ముగ్గురూ "రెండూ ఒకేలా ఉన్నాయి కదా" అన్నారు.

ఆర్‌జే-45 క్రింపింగ్, అంటే కేబుల్ చివర ప్లగ్గు బిగించడం, తెలియకపోతే ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ని పిలవండి. లోపలి తీగల వరస: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు వైపులా ఇదే వరస. ఇక దీని గురించి చెప్పడానికేం లేదు.

మెష్ ఎందుకు కాదంటే

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "ఇంటింటికీ మెష్ రూటర్, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి సిగ్నల్ దాటించే పెట్టె, పెడితే అయిపోదా? జర్మనీలో సొంత నెట్‌వర్కులు కట్టుకునే ఫ్రైఫుంక్ వాళ్లు అదే చేశారట" అంటారు. చేశారు. నగరంలో, కిటికీకి కిటికీ కనిపించే దూరంలో. మన ఊళ్లలో ఇంటికీ ఇంటికీ మధ్య చింతచెట్టు ఉంటుంది, ఊరికీ ఊరికీ మధ్య పొలాలుంటాయి. పైగా ఒకే రేడియో ఉన్న మెష్ పెట్టె విన్నది విని మళ్లీ అదే చెప్పాలి కనుక, ఒక్కో గంతుకు వేగం దాదాపు సగం పడిపోతుంది. మూడు గంతులేశాక మిగిలేదాంట్లో పిల్లలు వీడియో చూడలేరు. నేను చెప్పేది ఒకటే: ఎత్తయిన చోటు నుంచి ఎత్తయిన చోటుకు, డిష్ ఎదురుగా డిష్. చుట్టుపక్కల ఇళ్లకు అక్కణ్నించి పంచుకోండి.

భవనాల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ కూడా వద్దు. అది ఇంట్లోకి. బయట 5.8 దగ్గర, ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఎనభై పెడితే డబ్బా మీద అంకె పెరుగుతుంది, దాంతోపాటు పక్కవాళ్ల గోల కూడా లోపలికి వస్తుంది. నలభైతోనే రెండు కిలోమీటర్ల లింకు వంద మెగాబిట్లకు పైగా హాయిగా ఇస్తుంది.

కంటికి కనిపిస్తే చాలదు

ఇక అసలు పని. ఒక మేడ మీంచి చూస్తే రెండో మేడ కనిపించాలి, ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే రేడియో అల దారంలా సన్నగా పోదు. రెండు డిష్‌ల మధ్య దొండకాయలా, చివరల సన్నగా నడుమ లావుగా ఉండే జాగా దానికి కావాలి. ఇంజనీర్లు ఫ్రెనెల్ జోన్ అంటారు. రెండు కిలోమీటర్ల దూరానికి, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర, నడిమధ్యలో దాని వ్యాసార్ధం సుమారు 5 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే గీతకు చుట్టూ 3 మీటర్లు, ఖాళీగా ఉండాలి. చెట్టు కొమ్మ మీదుగా అవతలి వాటర్ ట్యాంకు 'కనిపిస్తోంది' అని సంబరపడితే కుదరదు. ఆ కొమ్మ మూడు మీటర్లు కిందికి ఉండాలి.

చెట్లు పెరుగుతాయి కూడా. ఈ సంగతి నాకు టేకు తోట నేర్పింది. మే నెలలో లింకు కట్టాను. తోట మొత్తం మోడై ఉంది, అవతలి డిష్ నిక్షేపంగా కనిపించింది. వానలు పడి, టేకు ఆకు చేటంత విప్పింది. జులైలో లింకు చచ్చింది. తడి ఆకు 5 గిగాహెర్ట్జ్‌కు గోడతో సమానం. పైపు ఇంకో నాలుగు మీటర్లు పెంచి, తాళ్లు కట్టి, క్లాంపులన్నీ మళ్లీ విప్పి బిగించేసరికి రెండు రోజులు పట్టింది. అప్పట్నుంచి ఎండాకాలంలో సర్వే చేస్తే, దారిలో ఏయే చెట్లున్నాయో పేర్లతో రాసుకుంటాను. కొబ్బరి, తాడి ఏడాదంతా ఒకేలా ఉంటాయి కాబట్టి వాటితో మోసం లేదు. మోసం చేసేది ఆకు రాల్చే చెట్టు.

అవతలి మేడ ఏదో తేల్చుకోలేకపోతే పగలు అక్కడి మనిషిని ముఖం చూసుకునే అద్దంతో ఎండను మీవైపు తిప్పమనండి. రెండు కిలోమీటర్లకు తళుక్కుమని కళ్లలో పడుతుంది. ఫోన్లో దిక్సూచి ఇనప పైపు పక్కన పెడితే అబద్ధాలాడుతుంది.

పైపు నిలబెట్టేముందు తల తిప్పి చూడండి. పైపు ఎటువైపు ఒరిగినా కరెంటు తీగకు తగలని చోటే పెట్టాలి. పదకొండు కేవీ లైను దగ్గర్లో ఉంటే ఆ మేడ వదిలేయండి. ఇందులో బేరం లేదు.

గురి

డిష్ గురి పెట్టడం దగ్గరే అందరూ పని చెడగొడతారు. మొదటి పొరపాటు, టీవీ డిష్‌లా ఆకాశంలోకి చూపించడం. ఇది ఎదుటి మేడను చూడాలి, ఇంచుమించు నేలకు సమాంతరంగా.

రెండోది, లెక్క లేకుండా మేడెక్కడం. కాగితం మీద ముందే ఇంత రావాలి అని తెలిసి ఉండాలి. 2 కిలోమీటర్లకు 5.8 దగ్గర దూరం తినేసే సిగ్నల్ సుమారు 114 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క). రేడియో పవర్ 13 డీబీఎం, రెండు డిష్‌లు చెరి 23. కలిపితే 59, అందులోంచి 114 తీసేస్తే మైనస్ 55. కేబుళ్లు, గాలి, మన చేతకానితనం కలిపి ఓ నాలుగైదు ఇచ్చుకోండి. మైనస్ 55కీ మైనస్ 60కీ మధ్య వస్తే సరే. మైనస్ 74 వచ్చి, "లింకు కలిసిందండీ, నెట్ వస్తోంది" అని దిగిపోయారంటే మీరు దొంగ గురి పట్టుకున్నారు.

దొంగ గురి అంటే ఇది. డిష్ ముందుకు ఒక పెద్ద కాంతిపుంజం లాంటిది పంపుతుంది, దానికి అటూ ఇటూ చిన్న పుంజాలు కూడా తోసుకొస్తాయి. తిప్పుతూ పోతుంటే ముందు ఆ చిన్నదాని మీద సిగ్నల్ పెరుగుతుంది, ఇంకాస్త తిప్పితే తగ్గుతుంది. "ఇదే శిఖరం" అనుకుని బోల్టు బిగించేస్తారు. అసలు శిఖరం ఇంకో పదిహేను డిగ్రీల అవతల ఉంటుంది. ఎండాకాలం ఎలాగో నడుస్తుంది, మొదటి గాలివానకు పడుకుంటుంది. అప్పుడు రేడియో కంపెనీని తిడతారు.

నా పద్ధతి చెప్తాను. ఒక చివర మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాలి, డిష్ ముట్టుకోకూడదు. రెండో చివరే కదలాలి. ఇద్దరూ ఒకేసారి తిప్పితే సాయంత్రం దాకా ఒకరినొకరు వెతుక్కుంటూనే ఉంటారు. ఫోన్ కాల్ చెవిలో పెట్టుకుని మొదలెడతాం. కదిలే చివర మనిషి అంకెలు చదువుతాడు, నేను చెబుతుంటాను. మైనస్ అనడం మానేస్తాం, అంకె చిన్నదయ్యేకొద్దీ సిగ్నల్ పెరిగినట్టు.

"అన్నా, డెబ్బై ఆరు. డెబ్బై నాలుగు. మళ్లీ డెబ్బై తొమ్మిది."

"ఆగకు, ఇంకా తిప్పు."

"తగ్గుతోంది కదన్నా?"

"తగ్గనీ. తిప్పు."

"ఎనభై ఆరు... ఎనభై... అరవై తొమ్మిది! యాభై తొమ్మిది!"

"అట్లాగే దాటించు. మళ్లీ తగ్గేదాకా పో."

ఎడమ నుంచి కుడికి మొత్తం ఊడ్చాలి. ఎక్కడ పెద్ద శిఖరం వచ్చిందో చూసి, దానికి రెండు వైపులా సిగ్నల్ సరిగ్గా ఒకే అంకెకు పడిపోయే చోట్లు పైపు మీద మార్కరుతో గీయండి. ఆ రెండు గీతల నడుమ మీ చోటు. శిఖరం మీద అంకె అటూ ఇటూ ఆడుతుంది కనుక నేరుగా శిఖరాన్ని నమ్మను, వాలుల్ని నమ్ముతాను. ఇట్లాంటి డిష్ పుంజం వెడల్పు పది డిగ్రీల దాకా ఉంటుంది. రెండు కిలోమీటర్ల దగ్గర ఒక డిగ్రీ అంటే 35 మీటర్లు, కాబట్టి వేలెడు కదిపితే చాలు. ప్రతి కదలిక తరవాత మూడు నాలుగు సెకన్లు ఆగండి, తెర మీద అంకె వెనకబడి వస్తుంది. ఆగలేని మనిషిని మేడ మీదకు పంపకండి.

అడ్డం అయ్యాక నిలువు, మళ్లీ ఒకసారి అడ్డం. అప్పుడు ఈ చివర చేతులు కట్టుకుంటుంది, ఆ చివర కదులుతుంది. రెండూ అయ్యాక బోల్టులు ఒకటి మార్చి ఒకటి, కొంచెం కొంచెం బిగించండి. ఒక బోల్టునే పూర్తిగా బిగిస్తే డిష్ పక్కకు లాగుతుంది, చేసిందంతా పోతుంది. బిగించిన తరవాత అంకె మళ్లీ అడగండి. చివరగా రేడియోలో రెండు చైన్ల (లోపలి రెండు యాంటెనాల) సిగ్నల్ విడివిడిగా చూపిస్తుంది. వాటి మధ్య తేడా 3 డీబీ దాటితే ఎక్కడో ఒక డిష్ ఒరిగి ఉంది, లేదా దారిలో ఏదో అడ్డుంది. "పనిచేస్తోంది కదా" అని వదిలేయకండి.

కేబుల్ గోడలోకి దిగేముందు కిందికి ఒక వంపు వదలండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి. కోతులున్న ఊరైతే కేబుల్ మొత్తం పైపులో దాచాల్సిందే. నల్ల తీగ కనిపిస్తే అవి ఊరుకోవు. పైపుకు ఎర్తింగ్, కేబుల్ లోపలికి వచ్చేచోట సర్జ్ ప్రొటెక్టర్, రెండూ తప్పనిసరి. పక్క భవనానికే అయినా రాగి కేబుల్ లాగకండి, పిడుగు పడితే రెండు భవనాల సామానూ కలిసి పోతుంది. ఫైబర్ వేయండి, లేదా ఇంకో జత రేడియోలు.

అడ్రసులు, సర్వరు

ఐదు చోట్ల లోపు అయితే అంతా ఒకే పెద్ద నెట్‌వర్క్‌గా ఉంచండి, రేడియోలు బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తీగలా అటుది ఇటు దాటించే పనిలో. అడ్రసులు 10.20 తో మొదలెట్టండి, మాస్క్ 255.255.0.0. రూటరు 10.20.0.1, సర్వరు 10.20.0.2, రేడియోలు 10.20.0.11 నుంచి. ఇవన్నీ చేత్తో ఇవ్వాలి, పెట్టెల మీద మార్కరుతో రాయాలి. ఫోన్లకు మాత్రం డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు తనంతట తానే ఇచ్చే రూటరులోని ఏర్పాటు, పంచుతుంది. 192.168 తో మొదలయ్యేవి ఇళ్లలోని దాదాపు ప్రతి రూటరుకూ పుట్టుకతో వచ్చిన అడ్రసులు, వాటి జోలికి వెళ్లొద్దు. డీహెచ్‌సీపీ పంచేది ఒక్క రూటరే. మిగతా ఇళ్ల రూటర్లలో దాన్ని ఆపేసి, కేబుల్ వాన్ (WAN) రంధ్రంలో కాకుండా లాన్ (LAN) రంధ్రంలో పెట్టండి. ఒక ఇంటివాళ్లు రూటరు రీసెట్ కొట్టారంటే అదీ అడ్రసులు పంచడం మొదలెట్టి ఊరంతా ఆగిపోవచ్చు. నెట్‌వర్క్ 'తిక్కతిక్కగా' ఉందని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఇదే: ఎవరైనా రూటరు రీసెట్ చేశారా?

సర్వరులో లినక్స్ వేసి, ఇంటర్నెట్ లేకుండానే వికీపీడియా చూపించే కివిక్స్ పెట్టండి. తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దొరుకుతుంది, పట్నంలో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. బడికి కొలిబ్రి మంచిది, ఇంటర్నెట్ లేనిచోట పాఠాల కోసమే చేసింది. సర్వరుకు ఒక పేరు పెట్టండి, కానీ చివర 'లోకల్' అని మాత్రం వద్దు, ఫోన్లు ఆ పేర్లను వేరే దారిలో వెతుకుతాయి. డెస్క్‌టాప్ బదులు రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటరు వాడితే దానికి సొంత గడియారం లేదని గుర్తుంచుకోండి. ఇంటర్నెట్ ఉంటే టైము అడిగి తెచ్చుకుంటుంది, మన దగ్గర అడగడానికి ఎవరూ లేరు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పాత తేదీలోనే లేస్తుంది. చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ ఒకటి తగిలించండి.

చివరికి అంతా నడుస్తుంటే, ఎవరో ఫోన్ పట్టుకొచ్చి "రావట్లేదు" అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైలో ఇంటర్నెట్ లేదని కనిపెట్టి, చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు దూకేస్తుంది. 'ఇంటర్నెట్ లేదు, అయినా కలిసి ఉండాలా' అన్నట్టు ఒక ప్రశ్న తెర మీదకొస్తుంది. అక్కడ అవునని, మళ్లీ అడగొద్దని నొక్కాలి. అది రాకపోతే కాసేపు మొబైల్ డేటా ఆపమనండి. ఈ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి రూటరు పక్కన గోడకు అంటించండి, లేకపోతే రాత్రి పదింటికి కూడా మీకే ఫోన్లు వస్తాయి.

గురి పెట్టిన రోజు రెండు చివరలా వచ్చిన సిగ్నల్ అంకెలు కూడా అదే కాగితం మీద, తేదీతో సహా రాయండి. తొలకరికి ముందు ఒకసారి, దసరా తరవాత ఒకసారి చూడండి. ఐదారు డీబీ పడిపోయి ఉంటే పానా, మార్కరు, అద్దం తీసుకుని మళ్లీ మేడెక్కండి.