‘సెప్టిక్’ అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలి, డాక్టరు దగ్గర ఎలా వాడాలి?

మన ఇళ్లలో ‘పుండు సెప్టిక్ అయింది’ అంటే చీము పట్టిందనే అర్థం. ఆసుపత్రి కాగితంలో అదే మాట కనిపించినప్పుడు, ముందుగా దాని పక్కన ఏముందో చదవాలి. ‘సెప్టిక్ ఆర్థ్రైటిస్’ అని ఉంటే కీలులోకి సూక్ష్మక్రిములు, సాధారణంగా బ్యాక్టీరియా, చేరాయని అర్థం. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు, ఆలస్యం చేస్తే కొద్ది రోజుల్లోనే కీలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ‘సెప్టిక్ షాక్’ అన్నింటికన్నా తీవ్రమైనది. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు దెబ్బతింటూ, సెలైన్ ఎక్కించినా రక్తపోటు నిలబడక, దాన్ని నిలబెట్టడానికి ప్రత్యేకమైన మందులు అవసరమయ్యే స్థితి అది. అలాంటి రోగికి గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ముందు ‘ఎ’ చేరి ‘ఎసెప్టిక్’ అయితే తొందరపడి ఇన్‌ఫెక్షన్ లేదని అనుకోకూడదు. ‘ఎసెప్టిక్ మెనింజైటిస్’లో మెదడు పొరల వాపు ఉంటుంది, మామూలు కల్చర్ పరీక్షలో (నమూనాలోని సూక్ష్మక్రిములను పెంచి చూసే పరీక్ష) బ్యాక్టీరియా మాత్రం దొరకదు. చాలాసార్లు దానికి వైరస్ కారణమవుతుంది.

తరువాత, డాక్టరుతో మాట్లాడేటప్పుడు ‘సెప్టిక్ అయిందండీ’ అని ఆపేయకుండా, కంటికి కనిపించినది చెప్పాలి. దెబ్బ ఎప్పుడు తగిలింది, చీము ఏ రంగులో ఉంది, చుట్టూ వేడిగా ఉందా, జ్వరం ఎంత ఉంది అన్నవి ఆ ఒక్క మాటకన్నా ఎక్కువ ఉపయోగపడతాయి. ఎరుపు ఎంతవరకు ఉందో దాని అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన సమయం రాసి పెడితే, అది గీత దాటి పాకుతోందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. షుగరు ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి నొప్పి తెలియకపోవచ్చు కనుక, నొప్పి లేదన్న ధీమాతో ఇంట్లో ఉండిపోకూడదు.

ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషి అయోమయంగా మాట్లాడుతున్నా, ఆయాసపడుతున్నా, ఒళ్లు చల్లబడి చెమటలు పడుతున్నా, మూత్రం బాగా తగ్గినా గీతలు, కొలతలు పక్కనపెట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం ఇలా అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడాన్నే ‘సెప్సిస్’ అంటారు. ‘సెప్సిస్ ఏమో చూడండి’ అని ఆసుపత్రి సిబ్బందిని అడగడానికి మొహమాటపడవద్దు.

చివరగా, మనలో గట్టిగా పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి చెప్పాలి. ‘సెప్టిక్ కాకుండా టీటీ వేయించాం’ అని నిశ్చింతగా ఉండేవారు చాలామంది. ఆ సూది కాపాడేది ధనుర్వాతం నుంచి మాత్రమే. చీము పట్టించే బ్యాక్టీరియాను అది ఆపలేదు. సూది వేయించుకున్నా, గాయాన్ని ధారగా పడే శుభ్రమైన నీటితో కడిగి, చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో శుభ్రం చేసి, శుభ్రమైన కట్టు కట్టి, రోజూ విప్పి చూసుకోవాలి.