ఎర్రగడ్డలో మొదలైన మందు ఊళ్లో ఆగిపోతుంటే

ఊళ్లో తమ్ముడికో మేనత్తకో మనసు బాగోలేదంటే మొదటి ఫోన్ హైదరాబాద్‌లో ఉన్న మనకే వస్తుంది. "పట్నం తీసుకొచ్చెయ్యండి" అనేస్తాం. చూపించడం వరకు బాగానే ఉంటుంది, చిక్కంతా ఆ తర్వాతే.

సమస్య: ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చూపించారు, నెల మందులు వాడి మానేశారు. జబ్బు మళ్లీ మొదటికొచ్చింది.

కారణం: రోగికి శ్రద్ధ లేదని తిడతాం గానీ, లెక్క వేరే ఉంది. రెండోసారి రావాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి, తోడొచ్చే మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహాలక్ష్మి పథకంలో ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి తల్లికి ఛార్జీ లేదు, కొడుక్కి ఉంది. పైగా నిద్ర పడుతోంది, అన్నం తింటున్నాడు, "నయమైపోయింది కదా" అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. డిప్రెషన్ మందు గుణం కనిపించడానికే కొన్ని వారాలు పడుతుంది. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలి. మగతగా ఉందని మానేసేవాళ్లూ ఉన్నారు. అది డాక్టరుకి చెబితే మోతాదో మందో మారుస్తారు, సొంతంగా ఆపకూడదు.

పరిష్కారం: మొదటి రోజే డాక్టర్ని అడగండి: "ఇకపై మా జిల్లాలోనే చూపించుకునేలా రాసివ్వండి." జిల్లాల్లోనే మానసిక వైద్యం అందించే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. మీ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కోండి. మందుకి కంపెనీ పేరు కాకుండా జెనరిక్ పేరు (అంటే మందు అసలు పేరు), మోతాదు రాయించండి. మండలం షాపులో ఆ కంపెనీది లేకపోయినా అదే మందు దొరుకుతుంది. పాలిథీన్ కవర్లో నలిగిపోయిన ఆ ఓపీ చీటీని, స్ట్రిప్పు వెనక వైపుని ఫోటో తీసి మీ వాట్సాప్‌లో పెట్టుకోండి. చీటీ ఎలాగూ పోతుంది.

సమస్య: "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించారు, ఆసుపత్రికి రానంటున్నాడు.

పరిష్కారం: తాయెత్తు మీద గొడవ పెట్టుకోకండి, ఉండనివ్వండి. 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఇది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రోగి మాట్లాడనంటే ఇంట్లోవాళ్లే చేయొచ్చు. ఊళ్లో ఆశా కార్యకర్తకూ చెప్పండి, వాడు ఆమె మాట వినొచ్చు.

సమస్య: చచ్చిపోతానంటున్నాడు.

ఇక్కడ కారణాలు వెతుక్కుంటూ కూర్చోకండి. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి, తాళం వేసే చోటికి మార్పించండి. తాగాడని అనుమానం వచ్చినా వెంటనే 108. పోలీసు కేసవుతుందని వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష వేయరు. ఆ సంగతి ఫోన్‌లోనే ఇంట్లోవాళ్లకు చెప్పేయండి.