పాత లారీ స్టార్ట్ కాకపోతే: సెల్ఫ్ విప్పే ముందు చూడాల్సినవి

పోర్టు క్యూలో రెండు మూడు రోజులు నిలబడ్డ పాత లారీ తాళం తిప్పితే ఉలకదు, పలకదు. డ్రైవరు ముందు బ్యాటరీని తిట్టి, తర్వాత సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి లేపే స్టార్టర్ మోటారు) విప్పించి గాజువాక ఆటోనగర్‌కి పంపిస్తాడు. సెల్ఫ్ అక్కడ బెంచి మీద గిర్రున తిరుగుతుంది. తిరిగి బిగిస్తే మళ్ళీ మూగబోతుంది. విశాఖ ఉప్పుగాలికి ముందుగా పాడయ్యేది ఎర్తు, అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఛాసిస్‌కీ ఇంజన్‌కీ కలిపే దారి. అందుకే విప్పడం చివరి పనిగా పెట్టుకోండి.

ఇది మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత టాటా, లేలాండ్ బండ్లకి రాసినది. ఎలక్ట్రానిక్ బండ్లకి సెల్ఫ్ వరకే పనికొస్తుంది. ఏది ముట్టుకునే ముందైనా గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద చెక్కలు వేయాలి.

తాళం తిప్పితే ఏం వినిపించింది?

*డాష్ లైట్లే రాలేదు, చప్పుడూ లేదు.* బ్యాటరీ కటాఫ్ స్విచ్చి, టెర్మినళ్ళు చూడండి. 24 వోల్టుల బండి అయితే రెండు బ్యాటరీలను కలిపే లింకు వైరు కూడా చూడండి. లింకు వైరు పైకి బాగానే కనిపిస్తుంది, లగ్గు (వైరు చివరి బిగింపు ముక్క) లోపల తీగలు పచ్చబడి పొడిపొడిగా ఉంటాయి. లగ్గు పట్టుకుని మెలితిప్పితే తెలిసిపోతుంది.

*లైట్లు బాగున్నాయి, చప్పుడు లేదు.* సోలెనాయిడ్ (సెల్ఫ్ మీద ఉండి మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) మీది సన్న వైరుకి టెస్టు ల్యాంపు పెట్టి, ఇంకొకర్ని తాళం తిప్పమనండి. ల్యాంపు వెలగకపోతే తాళం స్విచ్చి, స్టార్టర్ రిలే, మధ్యలో వైరు వరసగా చూడాలి. వెలిగితే తప్పు సోలెనాయిడ్‌లోనో దాని ఎర్తులోనో ఉంది.

*టకటకటకమని కొట్టుకుంటోంది.* వోల్టేజి చాలడం లేదు. బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి.

*ఒక్క ‘టక్’, అంతే.* సోలెనాయిడ్ లాగింది కానీ మోటారుకి కరెంటు అందలేదు. ఎర్తు, సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు ఈ వరసలోనే చూడండి. తాళం తిప్పి ఉంచి సెల్ఫ్ బాడీ మీద చిన్న సుత్తితో మెల్లగా తడితే తిరిగిందంటే బ్రష్షులు అరిగిపోయినట్టే. ఆ రోజుకి బండి ఇల్లు చేరుతుంది, మర్నాడు బ్రష్షులు మార్చాల్సిందే. ఇవన్నీ బాగుంటే క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి ఇంజన్ చేత్తో తిప్పి చూడండి. కదలకపోతే సిలిండర్లోకి నీళ్ళు దిగి ఉండొచ్చు, ఇంజన్ పట్టేసి ఉండొచ్చు. అప్పుడు సెల్ఫ్ కొట్టకండి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

*మోటారు గుర్రుమంటోంది, ఇంజన్ తిరగదు.* బెండిక్స్ (సెల్ఫ్ కొసన ముందుకొచ్చి ఇంజన్‌ని పట్టుకునే పళ్ళచక్రం) జారుతోంది, లేదా అది పట్టుకునే ఫ్లైవీల్ రింగు పళ్ళు ఒకచోట అరిగాయి. పుల్లీని కాస్త తిప్పి మళ్ళీ కొట్టినప్పుడు పట్టుకుంటే తప్పు రింగుది.

ఎర్తు పరీక్ష

మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ సీసం పోస్టు మీద పెట్టండి, క్లాంపు మీద కాదు. రెండో కొన ఇంజన్ బ్లాకు మీద గీకిన చోట ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 12 వోల్టుల బండిలో అర వోల్టు, 24లో ఒక వోల్టు దాటితే ఎర్తు చెడిపోయినట్టే. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టుకీ ఇలాగే చూడాలి. మీటరు లేకపోతే జంపర్ కేబుల్‌తో నెగటివ్ పోస్టు నుంచి నేరుగా ఇంజన్‌కి కలపండి. సెల్ఫ్ తిరిగిందా, దొంగ దొరికినట్టే.

ఛాసిస్ నుంచి ఇంజన్‌కో గేరుబాక్సుకో వచ్చే అల్లిక పట్టీ విప్పి, రెండు చివర్లా ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూయండి. గ్రీజు ముందే పూసి బిగిస్తే పని చెడుతుంది. టెర్మినల్ మీది తెల్లపచ్చ పొడికి వేడినీళ్ళలో వంటసోడా చాలు, అది సెల్లులోకి మాత్రం పోకూడదు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు అది చివర.

బ్యాటరీ

నిలకడ మీద ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే నమ్మకండి. రెండింటినీ విడివిడిగా కొలవండి. పాటల సెట్టుకి ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగే అలవాటు మన బండ్లలో మామూలే. ఆ బ్యాటరీ ఖాళీ అవుతుంటే రెండోది మితిమీరి ఛార్జయి నీళ్ళు మరిగించుకుంటుంది. కన్వర్టర్ పెట్టించుకోండి. కొత్తది ఒకటి, పాతది ఒకటి జత కట్టడమూ దండగే.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోదు

సైలెన్సర్ వైపు చూడండి. పొగ అసలు లేకపోతే డీజిల్ చేరడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది, మండడం లేదు: సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుండొచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు, టైమింగ్ తప్పి ఉండొచ్చు. లంబసింగి చలిలో తెల్లవారుజామున ఇది మరీ ఎక్కువ. నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టర్ విప్పండి, బొగ్గు ధూళి మధ్య తిరిగే బండికి అది తొందరగా మూసుకుంటుంది.

పొగ లేని కేసులో ముందు స్టాప్ కేబుల్ (డీజిల్ ఆపి ఇంజన్ ఆర్పే తీగ) చూడండి. నాబ్ లోపలికి పోయినా పంపు దగ్గర లీవరు తుప్పుపట్టి ‘ఆఫ్’లోనే ఉండిపోతుంది. కేబుల్ బదులు డీజిల్ ఆపే సోలెనాయిడ్ కటాఫ్ ఉంటే తాళం ఆన్ చేయగానే ‘టిక్’ వినపడాలి.

తర్వాత ఎయిర్, అంటే డీజిల్ దారిలో చేరిన గాలి. సెడిమెంటర్ (డీజిల్‌లోని నీళ్ళు దిగే గిన్నె) అడుగు నీళ్ళు వదిలి, డీజిల్ ఫిల్టర్ పైన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే పంపు) కొట్టండి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక బిగించి, పంపు మీది స్క్రూ దగ్గరా ఇదే చేయండి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్ పైపు నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించండి. చెయ్యి అడ్డం పెట్టకండి, ఆ ప్రెషరుకి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. సెల్ఫ్ ఒకసారికి 15 సెకన్లకి మించి కొట్టకుండా మధ్యలో నిమిషం ఆగాలి. ఎయిర్ ఫిల్టర్‌లో పెట్రోలు పోసి లేపే మొరటు పద్ధతి వద్దు, పిస్టన్లు పగులుతాయి.

రాత్రి బాగుండి ప్రతి పొద్దుటా ఎయిర్ పడుతుంటే, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు వరకూ ఎక్కడో గాలి లాగుతోంది. అక్కడ బయటికి చుక్క కారదు కాబట్టి కంటికి దొరకదు. బాంజో బోల్టుల (డీజిల్ పైపు చివర్లు బిగించే బోలు బోల్టులు) రాగి వాషర్లు, బిగుసుకుపోయి చీలిన రబ్బరు పైపు మార్చండి, వాషర్లు ఎప్పుడూ కొత్తవే వేయండి.